తాడు ఒక చేత, పంపు ఒక చేత

కుక్కను పట్టుకుని తిరగడమే ఉద్యోగమైనవాడికి కుక్కే పడకపోతే అంతకన్నా పెద్ద నవ్వులాట ఉండదు. మిఠాయి కొట్టువాడికి చక్కెర జబ్బు వస్తే జనం అయ్యో అంటారు. నాలాంటివాడికి దమ్ము రోగం ఉందంటే ముందు నవ్వి, ఆ తర్వాత అయ్యో అంటారు. నేను రెండూ పడ్డాను. ఇప్పుడు రిటైరై మేడ్చల్‌లో తీరుబడిగా కూర్చున్నాను కాబట్టి, ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఆ సంగతి దాచకుండా రాస్తున్నాను. నవ్వుకోండి, ఏం ఫరవాలేదు. చివరిదాకా చదివితే చాలు.

నేను పనిచేసింది గుండ్లపోచంపల్లి వైపు గోదాములకు కాపలా పెట్టే ఒక ప్రైవేటు సెక్యూరిటీ కంపెనీలో. అందులో కుక్కల విభాగం ఒకటి ఉండేది. ఇరవై మందిమి హ్యాండ్లర్లం, ఒక్కొక్కరికి ఒక్కో కుక్క. మనుషుల పేర్లు దాచిపెట్టి కుక్క పేరొక్కటి బయటపెడితే బాగుండదు కాబట్టి నా కుక్క పేరు కూడా చెప్పను. ఆడది, జర్మన్ షెపర్డ్. నా చేతికి రాకముందు ఇద్దరు హ్యాండ్లర్లు దాన్ని 'మాట వినదు' అని రాసిచ్చి వదిలించుకున్నారు. మొదటి నెల నా మాటా వినలేదు. ఆ తర్వాత నా మాట తప్ప ఇంకెవరి మాటా వినకుండా తయారైంది. అది నా గొప్పేనని చాన్నాళ్ళు మీసం తిప్పుకుని తిరిగాను. హ్యాండ్లర్‌కు అది గొప్ప కాదు, లోపం. ఆ ముక్క నాకు చాలా ఆలస్యంగా బుర్రకెక్కింది.

కుక్కల షెడ్డును ఆనుకునే మాకు రెండు గదుల క్వార్టర్ ఇచ్చారు. నేనూ నా భార్యా అందులో ఉండేవాళ్ళం. కాయితాల ప్రకారం కుక్క పడుకోవలసింది షెడ్డులో. పడుకునేది మాత్రం నా మంచం కింద గోనెపట్టా మీద. అది నా చేతికి వచ్చిన మూడో ఏడు నుంచి నాకు పొద్దున్నే తుమ్ములు మొదలయ్యాయి. తర్వాత దగ్గు. ఆ తర్వాత నాలుగడుగులు వేగంగా వేస్తే చాలు, ఛాతీలోంచి సన్నగా ఈల. అడిగినవాళ్ళకు దుమ్ము అన్నాను, చలి అన్నాను, పచ్చళ్ళ ఘాటు అన్నాను. కుక్క అని మాత్రం నోరు జారలేదు.

దాచడానికి కారణం ఉంది. మా చిన్నాయనకు దమ్ము ఉండేది. మనిషి బతికి ఉండగానే ఆయన్ని లెక్కలోంచి తీసేశారు. నాగలి పట్టనివ్వలేదు, సంతకు పంపలేదు, ఏ మాట అడగాలన్నా ఆయన్ని దాటి పక్కవాడిని అడిగేవాళ్ళు. పైగా మా వాళ్ళందరికీ ఒక నమ్మకం. పంపు, అంటే నోట్లో కొట్టుకునే ఆ ఇన్‌హేలర్, ఆఖరి మందు అని. పంపు దాకా వచ్చాడంటే వాడి పని అయిపోయినట్టే. నేను మందుల షాపులో చెప్పి రెండు రకాల గోళీలు తెచ్చుకుని, బెల్లం ముక్కల డబ్బాలో దాచుకుని మింగేవాడిని.

మా ఇంట్లో ఇంకో వైద్యం కూడా నడిచేది. కుక్క వాసన వల్లే నాకిలా అవుతోందని నా భార్య అనుమానం. వాసనకు విరుగుడు సాంబ్రాణి. మంగళవారం, శుక్రవారం నిప్పుల మీద సాంబ్రాణి, వేపాకు వేసి ముందు దేవుడి మూలకు, తర్వాత మంచం కిందికి, తర్వాత షెడ్డుకు పొగ పట్టేది. నేను ఇంకో మెట్టు పైకెక్కి, తలమీద తువ్వాలు కప్పుకుని ఆ పొగ ముందు కూర్చుని గుండెల నిండా పీల్చేవాడిని. మర్నాడు దగ్గు రెండింతలయ్యేది. కఫం కరిగి బయటికొస్తోందని ఇద్దరం సంబరపడేవాళ్ళం. ఇవి చాలవన్నట్టు, రోజూ కుక్కను గదిలోనే, ఫ్యాన్ కింద కూర్చోబెట్టి దువ్వేవాడిని. దానికి ఉక్కపోస్తుందని నా బెంగ.

ఇక ఆ రోజు సంగతి. గోదాముల పెద్దమనుషుల ముందు మా కుక్కల ప్రదర్శన. పక్క క్వార్టర్ హ్యాండ్లర్ దొంగ వేషం కట్టాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు, నా తుమ్ములు లెక్కపెట్టి అందరికీ చెప్పేవాడు. చేతికి జనపనార తొడుగు వేసుకుని అతను పరిగెత్తాలి. కుక్క వెళ్ళి ఆ తొడుగు పట్టుకోవాలి. వెనకాల నేను పరిగెత్తుకెళ్ళి 'ఛోడ్' అనాలి. ఆ మాట వినగానే కుక్క వదిలెయ్యాలి. మా పనిలో కరవమని చెప్పడం ఎవడైనా చెప్తాడు. వదలమని చెప్పడమే విద్య.

కుక్క పట్టుకుంది. నేను చేరుకున్నాను. నోరు తెరిచాను. మాట రాలేదు. గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టు గాలి లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు. కుక్క లాగుతోంది, తొడుగు జారుతోంది, అతని మోచెయ్యి బయటపడుతోంది.

"అన్నా, చెప్పే! చెయ్యి పోతది," అని అతను అరిచాడు.

కుక్కల విభాగం చూసే మా సార్ మూడుసార్లు 'ఛోడ్' అన్నారు. కుక్క చెవి కూడా కదపలేదు. నేను మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి దాని మెడపట్టీ మీద చెయ్యి వేశాను. చెయ్యి తగలగానే వదిలేసింది. అప్పటికే అతని మణికట్టు మీద పన్ను గీసుకుపోయింది. పెద్దమనుషులు మర్యాదగా చప్పట్లు కొట్టి కార్లెక్కారు. అంత సిగ్గు నేను జన్మలో పడలేదు.

మా సార్ మాజీ సైనికుడు, కోస్తా వైపు మనిషి, అల్వాల్‌లో కాపురం. గట్టిగా మాట్లాడేవారు కాదు. ఆ సాయంత్రం నన్ను పిలిచి కుర్చీ చూపించారు.

"చూడవయ్యా, నేను నిన్ను తిట్టను. కానీ రేపు నిజంగా దొంగే ఉండి, దీని నోట్లో వాడి గొంతు ఉంటే ఏం చేస్తావు? నోరు పెగలని మనిషి చేతిలో కరిచే కుక్కను పెట్టి నేను నిద్రపోలేను."

నాకు తోట పని ఇస్తామన్నారు. కుక్కను ఇంకో హ్యాండ్లర్‌కు ఇద్దామంటే అది ఎవరి మాటా వినదు. శామీర్‌పేట రోడ్డు మీద ఫామ్‌హౌస్ ఉన్న ఒకాయన గట్టి కుక్క కావాలని అడుగుతున్నాడట. రెండు రోజుల తర్వాత ఆయన వచ్చి చూశాడు కూడా. రెండే ప్రశ్నలు అడిగాడు. "గొలుసు ఎంత లావుండాలె? దినాం ఎన్నిసార్లు తిండి వెయ్యాలె?" పేరేమిటని అడగలేదు. నేను మీసం తిప్పుకున్న గొప్పే దాని మెడకు గొలుసై కూర్చుంది.

సార్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. రెండు నెలల్లో ఏటా జరిగే పరీక్ష ఉంది, అప్పటిదాకా గడువు ఇమ్మని అడిగాను. ఆయన చాలాసేపు నా ఛాతీలోంచి వస్తున్న ఈల విన్నారు.

"అప్పటిదాకా డ్యూటీ లేదు. డాక్టరుకు చూపించుకో. పరీక్షలో తప్పితే మాత్రం బతిమాలొద్దు," అన్నారు.

మేడ్చల్‌లో ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి నేనూ నా భార్యా వెళ్ళాం. గొట్టంలోకి ఊదించింది. ఏది పడదో తేల్చడానికి ముంజేతి మీద వరసగా ఒక్కోదానికి ఒక్కో మందు చుక్క వేసి సూదితో గీరింది. కుక్క చుక్క వేసిన చోట దోమకాటులా దద్దురు లేచింది. గది దుమ్ము చుక్కకూ లేచింది.

"మీకు కుక్క పడది. బొచ్చు గాదు, దాని చర్మం పొట్టు, ఎంగిలి. దూరం పెట్టుడే అన్నిట్కన్న మంచిది. నేను అబద్ధం చెప్ప," అంది.

"దూరం పెడ్తే దాన్ని గొలుసుకు కట్టేస్తరమ్మా. దాంతోని బతికే తొవ్వ ఏదన్న ఉంటే చెప్పు," అన్నాను.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "ఇంట్ల పొగ గిట్ల పెడ్తరా?"

నా భార్య ముందుకు వచ్చింది. "వారానికి రెండుసార్లు డాక్టరమ్మా. సాంబ్రాణి, యాపాకు. ఒక్కనాడు గూడ తప్పలే."

"అప్పుడు మీరేం జేస్తరు?" అని నన్ను అడిగింది.

"తువ్వాల కప్పుకొని పీలుస్త."

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నవ్వు ఆపుకోవడానికో, కోపం ఆపుకోవడానికో తెలియదు. కుక్కను ఎక్కడ దువ్వుతానో, అది ఎక్కడ పడుకుంటుందో కూడా అడిగి తెలుసుకుంది. "కుక్క జేసింది సగమే. మిగిలిన సగం మీరిద్దరు గల్సి జేసిన్రు," అంది.

రెండు పంపులు రాసిచ్చింది. ఒకటి బాగున్నా బాగాలేకపోయినా పొద్దునా రాత్రీ పీల్చి నోరు పుక్కిలించాలి. రెండోది, నీలం రంగుది, ఆయాసం వచ్చినప్పుడు, పరిగెత్తే పని ఉంటే దానికి కాస్త ముందు. ఇంట్లో పొగ బంద్. కుక్క పడకగది గడప దాటకూడదు. దువ్వడం, కడగడం బయటే, అదీ వేరేవాళ్ళ చేత. దుప్పట్లు వారం వారం వేడినీళ్ళలో. "ఇన్ని జేసినా తగ్గుతదని నేను మాటియ్య. తగ్గకపోతే కుక్కనా, పానమా అని మీరే తేల్చుకోవాలె," అంది.

ఇంటికొచ్చాక మొదటి గండం శుక్రవారం. సాంబ్రాణి లేని శుక్రవారం నా భార్యకు ఉప్పు లేని కూర. పొద్దున్నుంచి ధూపం గిన్నె చుట్టూ తిరిగింది. మధ్యాహ్నం దాన్ని కడిగి, బోర్లించి, అటక మీద పెట్టేసింది. "దేవునికి దీపం సాలుతది. నీ గుండెల పొగ నింపితే ఆయనేం మెచ్చుకుంటడా?" అంది. ఆ గిన్నె మళ్ళీ దిగలేదు.

రెండో గండం కుక్కది. మొదటి మూడు రోజులు తలుపు గీరింది, కుంయ్ కుంయ్ మంది. నేను గోడవైపు తిరిగి పడుకుని దిండు చెవికి అడ్డం పెట్టుకున్నాను. నాలుగో రోజు అది షెడ్డులో గోనెపట్టా మీద హాయిగా పడుకుంది. హాయిగా నిద్రపట్టనిది నాకే. మంచం కింద చెయ్యి పెడితే తగిలే ఆ వెచ్చని వీపు లేదు. ఏడ్చాను కూడా. యాభై దాటిన మనిషి కుక్క కోసం ఏడుస్తాడా అంటే, ఏడుస్తాడు.

దువ్వే పని నా భార్య నెత్తిన పడింది. అన్నేళ్ళలో దాన్ని 'గా కుక్క' అని తప్ప పిలిచింది లేదు. మొదటి రోజు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, వంటగది గరిటె పట్టుకున్నట్టు దువ్వెన పట్టుకుని బయట చెట్టు కింద నిలబడింది. బొచ్చు నా మీదికి ఎగిరి రాకుండా నేను గాలి వచ్చే వైపు, దూరంగా నిలబడి చెప్తుంటే ఆమె దువ్వింది. వారం తిరిగేసరికి నన్ను నిలబడనివ్వలేదు.

"ఏందే గింత బొచ్చు, రెండు దిండ్లు కుట్టొచ్చు. సక్కగ కూసో బిడ్డా," అనేది.

కుక్క చక్కగా కూర్చునేది. అప్పుడు నాకు తట్టింది. ఇది వేరేవాళ్ళ మాట వినడం లేదని ఇన్నాళ్ళూ అనుకున్నానే, వినే అవకాశం నేను ఎవరికిచ్చాను? తిండి నేనే, స్నానం నేనే, దువ్వడం నేనే. మణికట్టుకు కట్టుతో ఉన్న ఆ పక్క క్వార్టర్ తమ్ముడి దగ్గరికే వెళ్ళి, వారానికోసారి దీనికి స్నానం చేయించగలవా అని అడిగాను.

"నన్ను కర్సిన కుక్కకు నేను తానం పొయ్యాల్నా? నీ తెలివి మస్తుగుందన్నా," అన్నాడు.

ఆదివారం బకెట్టు పట్టుకుని వచ్చాడు. మొదట దూరం నుంచే నీళ్ళు చిమ్మాడు. రెండో ఆదివారం వీపు తోమాడు. మూడో ఆదివారానికి అతను కూసో అంటే కూర్చుంది, లే అంటే లేచింది.

మూడు వారాలకు నా ఛాతీలో ఈల ఆగింది. ఇక్కడ నేను చేసిన గాడిద పని కూడా చెప్పాలి. తగ్గింది కదా అని పంపు మానేశాను. ఎవరైనా చూస్తారన్న భయం ఇంకా పోలేదు మరి. బాత్‌రూం వెనక దాక్కుని పీల్చుకోవడం విసుగొచ్చింది. పది రోజులకు షెడ్డు ఊడుస్తుంటే ఊపిరి మళ్ళీ పట్టేసింది. నా భార్య ఆటో మాట్లాడి డాక్టరమ్మ దగ్గర పడేసింది.

"గొడుగు వట్టుకున్నంక తడుస్తలేనని గొడుగు పారేస్తరా ఎవరన్న?" అంది డాక్టరమ్మ. ఇంకేమీ అనలేదు. అంతకన్నా అనవలసింది కూడా లేదు. ఆ రోజు తర్వాత ఒక్క పూట తప్పలేదు.

పరీక్ష రోజు పొద్దున్నే గోదాము వెనక ఖాళీ స్థలంలో అందరం వరసకట్టాం. ఫామ్‌హౌస్ ఆయన కూడా వచ్చాడు. కారు వెనక సీట్లో కొత్త గొలుసు మెరుస్తూ కనబడింది. నా కుక్క నా ఎడమ పక్క కూర్చుని ఉంది. నా వంతుకు ఇంకా కాస్త సమయం ఉంది. పంపు పీల్చుకోవలసింది అప్పుడే. బాత్‌రూం చూస్తే స్థలానికి ఆ చివర ఉంది. వరస వదిలి వెళ్తే వంతు పోతుంది. చుట్టూ మిగతా హ్యాండ్లర్లు, మా సార్, ఫామ్‌హౌస్ ఆయన, గేటు దగ్గర నా భార్య.

మా చిన్నాయన గుర్తొచ్చాడు. పీల్చుకుంటే నలుగురిలో నేనూ ఆయనలా అయిపోతాను. పీల్చుకోకపోతే కుక్క గొలుసుకు పోతుంది. ఎక్కువ ఆలోచించలేదు. ఎడమ చేతిలో తాడు ఉంది. కుడి చేత్తో జేబులోంచి నీలం పంపు తీశాను. అందరూ చూస్తుండగా నోట్లో పెట్టుకుని నొక్కాను. పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాను. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను రెండోసారి కూడా నొక్కాను.

నా వంతు వచ్చింది. తమ్ముడే మళ్ళీ దొంగ. గోదాము లోపల అట్టపెట్టెల వరసల మధ్య ఎక్కడో దాక్కున్నాడు. అతని చొక్కా వాసన చూపించి తాడు వదిలాను. కుక్క నేల మీద ముక్కు పెట్టి పోయింది. నేను వెనకాలే. రెండు వరసలు, మూడు వరసలు, మలుపు, మళ్ళీ మలుపు. ఛాతీ వైపు చెవి పెట్టుకునే పరిగెత్తాను. ఈల రాలేదు. ఎక్కడో ముందు పెట్టెలు దొర్లిన చప్పుడైంది. మలుపు తిరిగేసరికి తమ్ముడు కిందపడి ఉన్నాడు. తొడుగు కుక్క నోట్లో ఉంది.

"ఛోడ్!"

గోదాము రేకులు మోగాయి. కుక్క వదిలేసి, వెనక్కి జరిగి, కూర్చుని నా మొహం వైపు చూసింది.

"గట్లొర్లుతవేందన్నా? కుక్క వదిలింది గని నా చెవులు వోయినయ్," అన్నాడు తమ్ముడు కింద నుంచే.

మా సార్ నడుచుకుంటూ వచ్చారు. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. "ఒకసారి అదృష్టం కూడా అయ్యుండొచ్చు. ఆ చివర నుంచి మళ్ళీ," అన్నారు. మళ్ళీ పరిగెత్తాను. మళ్ళీ అరిచాను. మళ్ళీ వదిలింది. "ఈసారి నువ్వు నోరెత్తకు," అని నాతో చెప్పి, తొడుగు ఇంకొకరికి తొడిగించి, కుక్క దాన్ని పట్టుకున్నాక 'ఛోడ్' అనమని తమ్ముడికి సైగ చేశారు. తమ్ముడు అన్నాడు. కుక్క ఒక్కసారి నావైపు చూసింది. నేను బొమ్మలా నిలబడ్డాను. అది తొడుగు వదిలేసి కూర్చుంది.

సార్ ఫామ్‌హౌస్ ఆయన వైపు తిరిగారు. "మీరు ఇంకో కుక్కను చూసుకోండి. ఇది డ్యూటీలో ఉందండి."

ఆయన కారెక్కి వెళ్ళిపోయాడు. గేటు దగ్గర నా భార్య కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, దుమ్ము పడిందని పక్కవాళ్ళకు చెప్తోంది. నాకు ఆనందం ఆగలేదు. ఉద్యోగంలో చేరిన రోజు కూడా నేను అంత ఎత్తున నడవలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నాలుగేళ్ళు ఆ తాడు నా చేతిలోనే ఉంది. మీరూ పంపు మీద ఉంటే, మీ డాక్టరు చెప్పిందే మీరు చెయ్యండి. నాకు కుదిరింది మీకు కుదరకపోవచ్చు. కుక్కకు దూరం కావలసినవాళ్ళూ ఉంటారు, అది ఓటమి కాదు. దాచుకోవడం మాత్రం వద్దు. నా నోరు మూసింది రోగం ఒక్కటే కాదు, దాపరికం కూడా.

పరీక్ష మర్నాడు పొద్దున హాజరు తీశాక మా సార్ వెళ్ళిపోలేదు. రిజిస్టరు మూసి చంకలో పెట్టుకుని వరస వైపు చూశారు.

"ఇంకా ఎవరెవరికి ఆయాసం ఉంది? చెయ్యెత్తండి. ఎవరి కుక్కనూ తీసుకోను."

ముందు ఒక చెయ్యి లేచింది, దాని వెనక ఇంకో రెండు. మొదట లేచిన చెయ్యికి మణికట్టు మీద పన్ను గీత ఉంది.